ముందు కదలిక, చివర రంగు: పాత జర్మన్ బ్యాండ్ సా గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మా వర్క్‌షాపు శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో మూడు, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల నుంచి ఒక్కొక్కటిగా వచ్చినా, ఇనుము కోసే బ్యాండ్ సా (రెండు చక్రాల మీదుగా పట్టీలా తిరిగే బ్లేడు ఉన్న రంపం) చుట్టూనే తిరిగాయి. అందువల్ల మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాము.

ప్రశ్న: తాడిపత్రిలో నాకు చిన్న వర్క్‌షాపు ఉంది. బండలు కోసే యంత్రాలకూ పాలిష్ పట్టే యంత్రాలకూ విడిభాగాలు చేసి ఇస్తాను. బెంగళూరులో ఒక పాత సామాన్ల వ్యాపారి దగ్గర ఇనుము కోసే నిలువు బ్యాండ్ సా తూకం ధరకు దొరికితే లారీలో వేయించుకొని వచ్చాను. దాని మీద ‘మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ’ అనే రేకు ఉంది. మోటారు రేకు మీద 220/380 వోల్టులు, 1.5 పి.ఎస్. (జర్మన్ హార్స్ పవర్), 1400 అనే అంకెలు కనిపిస్తున్నాయి. చక్రాల అడ్డుకొలత 400 మిల్లీమీటర్లు. వాటి రబ్బరు ఎండిపోయి పెచ్చులుగా ఊడుతోంది, టేబులు తుప్పు పట్టింది. పక్కన ఒక పెట్టెలో రెండు రాగి దవడలు, ఒక చిన్న సానరాయి ఉన్నాయి గానీ అవి ఎందుకో తెలియలేదు. నా షాపులో ప్రస్తుతం సింగిల్ ఫేజే ఉంది, మూడు ఫేజులకు దరఖాస్తు పెట్టాను. వీఎఫ్‌డీ అనే, మోటారు వేగాన్ని తగ్గించి పెంచే ఎలక్ట్రానిక్ పెట్టె పెట్టుకుంటే గేరు పెట్టెతో పని లేదని ఒకరు అంటున్నారు. గేరు పెట్టె తీసేసి, మోటారును చక్రానికి కలిపి చెక్కలు కోసుకొమ్మని మా వడ్రంగి మిత్రుడు అంటున్నాడు. వారం రోజుల్లో కొత్తదానిలా చేసి ఇస్తానని పెయింటరు అంటున్నాడు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: పెయింటరును అందరికంటే చివర పిలవండి. ఈ మాట చెప్పడానికి నాకు సొంత అనుభవం ఒకటి ఉంది. చాలా ఏళ్ల క్రితం అనంతపురంలో నేను కొన్న ఒక పాత రంపం యంత్రానికి లప్పం పెట్టి, రెండు పూతలు రంగు వేయించి, వచ్చిన వారందరికీ చూపించుకొని, ఆ తరువాత బ్లేడు బిగించాను. మూడో రోజున పై చక్రం టక టకమని కొట్టుకోవడం మొదలైంది. విప్పి చూస్తే ఇరుసు దగ్గర ఒక కమ్మీ సగానికి పైగా చిట్లి ఉంది, ఆ చీలిక మీద నేను వేయించిన లప్పం చక్కగా కూర్చొని ఉంది. కాబట్టి మీరు ముందుగా రెండు చక్రాలనూ విప్పి, గ్రీజు, మురికి కిరసనాయిలుతో కడిగి, ఇరుసు రంధ్రంలో ఒక కడ్డీ దూర్చి వేలాడదీసి, చిన్న సుత్తితో ప్రతి కమ్మీ దగ్గరా మెల్లగా తట్టండి. సంతలో కుండ కొనేటప్పుడు మన ఇళ్లలో ఆడవారు వేలి కణుపుతో కొట్టి చూస్తారే, అదే పరీక్ష. బాగున్న పోత ఇనుము గంటలా మోగుతుంది, బీటవారినది మొద్దుగా పలుకుతుంది. చక్రాలు మోగితే ఆ యంత్రం మీద డబ్బు పెట్టవచ్చు. మోగకపోతే, కొత్త చక్రం పోత పోయించి, లేత్ మీద తిప్పించి, తూకం సరిచేయించడానికి అయ్యే ఖర్చు ముందే లెక్క కట్టుకొని మిగిలిన పనికి దిగండి.

ఇక గేరు పెట్టె సంగతి. మీకు సలహా ఇచ్చిన ఇద్దరి మాటా వినవద్దు, ఎందుకంటే ఆ గేరు పెట్టె ఉండబట్టే అది ఇనుము కోసే రంపం అయింది. బ్లేడు మీ చక్రం మీదుగా ఒక చుట్టు తిరిగితే 1.257 మీటర్లు ప్రయాణిస్తుంది. మామూలు మైల్డ్ స్టీలును బైమెటల్ బ్లేడుతో, అంటే స్ప్రింగ్ స్టీలు వీపుకు గట్టి ఉక్కు పళ్లు అతికిన బ్లేడుతో, కోయడానికి నిమిషానికి సుమారు 60 మీటర్ల వేగం చాలు, అంటే చక్రం నిమిషానికి 48 చుట్లు తిరగాలి. స్టెయిన్‌లెస్ స్టీలుకైతే అందులో సగం, 24 చుట్లు. అల్యూమినియానికి 300 మీటర్ల దాకా పోవచ్చు, అప్పుడు సుమారు 240 చుట్లు. మోటారేమో 1400 చుట్లు తిరుగుతుంది. దానిని నేరుగా చక్రానికి కలిపితే బ్లేడు నిమిషానికి 1760 మీటర్లు, అంటే గంటకు నూరు కిలోమీటర్లు దాటిన వేగంతో పరుగెత్తుతుంది. ఈ పాటి చక్రాల యంత్రానికి చెక్క కోతకే అది ఎక్కువ, ఇనుముకు తగిలిన మరుక్షణం పళ్లు నల్లబడి రాలిపోతాయి.

వీఎఫ్‌డీతో ఆ 1400ను 48కి దించవచ్చు కదా అంటే, అంకెలలో దించవచ్చు, పనిలో కాదు. 50 హెర్ట్జ్‌ను 1.7 హెర్ట్జ్‌కు తగ్గించినప్పుడు మోటారు వేగం తగ్గుతుందే గానీ దాని పట్టు పెరగదు. మీ 1.5 పి.ఎస్. మోటారుకు, అంటే 1.1 కిలోవాట్లకు, ఉన్న తిప్పే బలం 7.5 న్యూటన్ మీటర్లు. 200 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రం అంచున అది నాలుగు కిలోలకు కొంచెం తక్కువ లాగుడుగా మారుతుంది. బ్లేడును చేత్తో ఆపినా ఆగుతుంది, అయినా ఆ ప్రయోగం చేయవద్దు. అదే మోటారు 29కి ఒకటి చొప్పున తగ్గించే గేర్ల ద్వారా వస్తే, గేర్లలో పోయేది పోగా, బ్లేడు మీద ఇంచుమించు నూరు కిలోల లాగుడు దొరుకుతుంది. అంగుళం మందం పలకను కోసేది ఆ లాగుడే. కనుక గేరు పెట్టెను ఉంచి, దాని మీద వీఎఫ్‌డీని కూడా పెట్టుకోండి. 25 నుంచి 60 హెర్ట్జ్‌ల మధ్య వాడుకుంటే ప్రతి గేరుకూ రెండింతలకు పైగా వేగం సర్దుబాటు దొరుకుతుంది. 25 కన్నా కిందికి దించి ఎక్కువ సేపు నడిపితే మోటారు వెనుక ఫ్యాను కూడా మెల్లగా తిరిగి గాలి చాలదు. మే నెల తాడిపత్రి ఎండకు అది మరీ ఇబ్బంది.

గేరు పెట్టెలో పాత ఆయిలు దించేటప్పుడు దానిని తెల్లటి పళ్లెంలోకి పట్టి ఎండలో చూడండి. బంగారు పొడిలా మెరిస్తే లోపల కంచు చక్రం అరుగుతున్నట్లు, అయస్కాంతానికి అంటుకునే ముక్కలు వస్తే ఇనుప గేరు పన్ను విరిగినట్లు. కంచు చక్రాన్ని మర లాంటి ఇనుప కడ్డీ తిప్పే వార్మ్ గేరైతే లారీ డిఫరెన్షియల్‌లో పోసే ఆయిలు పోయవద్దు. అందులో కలిపే గంధకపు మందులు కంచును తింటాయి. వార్మ్ గేర్లకని ప్రత్యేకంగా అమ్మే ఆయిలు అడిగి తీసుకోండి.

మోటారు విషయంలో మీకు అదృష్టం కలిసివచ్చింది. 220/380 అని రేకు మీద ఉన్నదంటే డెల్టాగా కలిపితే 220కి, స్టారుగా కలిపితే 380కి నడుస్తుందని అర్థం. సింగిల్ ఫేజ్ 230 వోల్టులు తీసుకొని మూడు ఫేజుల 230 వోల్టులు ఇచ్చే వీఎఫ్‌డీ బజారులో దొరుకుతుంది. దానికి ఈ మోటారును డెల్టాగా కలిపితే సరిపోతుంది, మూడు ఫేజుల కనెక్షన్ వచ్చేదాకా ఆగనక్కరలేదు. టెర్మినల్ పెట్టె తెరిస్తే ఒక వరుసలో యూ, వీ, డబ్ల్యూ, రెండో వరుసలో జెడ్, ఎక్స్, వై అనే పాత జర్మన్ గుర్తులు ఉంటాయి. ఇత్తడి పట్టీలు మూడూ నిలువుగా, అంటే యూ నుంచి జెడ్‌కు, వీ నుంచి ఎక్స్‌కు, డబ్ల్యూ నుంచి వైకి ఉంటే డెల్టా. జెడ్, ఎక్స్, వై మూడింటినీ అడ్డంగా కలిపితే స్టారు. తరువాత మూడు ఫేజులు వచ్చినా వీఎఫ్‌డీనే వాడమని నా సలహా. ఎందుకంటే మన 415 వోల్టులు 380 కన్నా తొమ్మిది శాతం ఎక్కువ, పాత వైండింగు ఆ ఎక్కువకు ఊరికే వేడెక్కుతుంది. పైగా 415 వోల్టుల డ్రైవ్ లోపలి డీసీ 587 వోల్టుల దగ్గర ఉంటే, 230 వోల్టుల డ్రైవ్‌లో అది 325 మాత్రమే. ఏళ్ల నాటి వార్నిష్‌కు ఈ రెండోదే మెత్తని ప్రయాణం.

కరెంటు ఇచ్చే ముందు, ఇన్సులేషన్ పరీక్షించే 500 వోల్టుల మెగ్గర్‌తో వైండింగుకూ బాడీకీ మధ్య కొలవండి. ఒక మెగోమ్ కన్నా తక్కువ వస్తే మోటారు మూతలు తీసి, లోపల ఒక 60 వాట్ల బల్బు వెలిగించి రెండు రోజులు ఉంచి మళ్లీ కొలవండి. చెమ్మ వల్ల వచ్చిన లోపమైతే మన పొడి గాలికి అదే తగ్గుతుంది. తగ్గకపోతే మళ్లీ వైండింగు చేయించవలసిందే. బోరు మోటార్లు చుట్టి చుట్టి చేయి తిరిగినవారు మన జిల్లాలో వీధికొకరు ఉన్నారు గనుక అది పెద్ద సమస్య కాదు. అయితే పాత తీగ ఊడదీయడానికి, తీగ చుట్టి ఉండే ఇనుప రేకుల దిమ్మెను, అంటే స్టేటర్‌ను మంటలో వేసి కాల్చవద్దని వారికి ముందే చెప్పండి. అతి వేడికి రేకుల మధ్య పూత పోయి, కొత్త తీగ చుట్టినా మోటారు ఊరికే కాలుతుంది.

మన వైపు కరెంటు చెప్పకుండా పోయి చెప్పకుండా వస్తుంది కాబట్టి ఇంకొక మాట. పాత స్విచ్ నొక్కి ఉంచిన చోటే నిలిచిపోయే రకమైతే, కరెంటు పోయినప్పుడు ఆపడం మరచి మీరు బ్లేడు మీద చేయి పెట్టి సర్దుతున్నప్పుడే కరెంటు రావచ్చు. కరెంటు పోతే తనంతట తాను తెగిపోయి, మళ్లీ బొత్తాం నొక్కితే తప్ప కలవని కాంటాక్టర్ పెట్టించండి. వీఎఫ్‌డీలో కూడా కరెంటు రాగానే తానే మొదలయ్యే సెట్టింగ్‌ను ఆపివేయండి. బొత్తాం నొక్కకుండానే మోకాలితో తోసి ఆపగలిగే ఎర్ర స్విచ్ ఒకటి టేబులు కింద ఉంటే మరీ మంచిది, రెండు చేతులూ పని మీద ఉన్నప్పుడు అక్కరకు వచ్చేది మోకాలే.

బేరింగుల గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. జర్మన్ యంత్రం కదా, జర్మనీ నుంచే తెప్పించాలేమో అనుకుంటారు. పాత బేరింగు అంచు తుడిచి అంకె చదవండి. 6205 అని ఉంటే లోపల 25, బయట 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు, ప్రపంచంలో ఎక్కడైనా ఇంతే. బేరింగు తీసేటప్పుడు బయటి రింగును పట్టి లాగవద్దు, పుల్లర్ లోపలి రింగుకే పట్టాలి. బోల్టులన్నీ మెట్రిక్ మరలే, మన దగ్గర దొరికేవే. పాత జర్మన్ 10 మిల్లీమీటర్ల బోల్టు తలకు 17 నంబరు పానా పడుతుంది, ఇప్పటి బోల్టులలో చాలావాటికి 16 పడుతుంది. రెండూ కలిపి వాడితే చిరాకు, ఒకే రకం పెట్టుకోండి.

చక్రాల రబ్బరు దగ్గర తొందర పనికిరాదు. పాతది పూర్తిగా తీసేసే ముందు, అరగని అంచు దగ్గర దాని మందమూ, నడుమ ఎంత ఉబ్బెత్తుగా ఉందో కొలిచి రాసుకోండి. ఆ కొద్దిపాటి ఉబ్బే బ్లేడును చక్రం మధ్యకు లాగి నిలబెడుతుంది. గాడిని ఎమరీతో గరుకు చేసి, దాని కన్నా కొంచెం చిన్న చుట్టుకొలత గల రబ్బరు పట్టాను సాగదీసి, రబ్బరు జిగురుతో అంటించి, ఒక రోజంతా కదిలించకండి. ఆ తరువాత చక్రాన్ని దాని ఇరుసు మీదే ఉంచి, మెల్లగా తిప్పుతూ, చెక్క దిమ్మెకు చుట్టిన గరుకు ఎమరీతో ఉబ్బును తీర్చండి. బ్లేడును రాత్రిపూట బిగువు మీద వదిలేస్తే రబ్బరులో గుంట పడుతుంది, సాయంత్రం షాపు మూసేటప్పుడు పై చక్రాన్ని రెండు మూడు మరలు దించే అలవాటు చేసుకోండి.

బ్లేడు పొడవుకు లెక్క సులభం. పై చక్రాన్ని దాని సర్దుబాటులో సగం ఎత్తున ఉంచి, రెండు ఇరుసుల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దానికి చక్రం చుట్టుకొలత కలపండి. మీ దగ్గర ఆ దూరం 950 అయితే 1900కు 1257 కలిపి 3157 మిల్లీమీటర్లు. వెడల్పు 13, మందం 0.65 ఉన్న బైమెటల్ బ్లేడుతో మీ పని చాలావరకు నడుస్తుంది. వంపులు కోయాలంటే ఆ వెడల్పుకు సుమారు 65 మిల్లీమీటర్ల వ్యాసార్ధం వరకే తిరుగుతుంది, 6 మిల్లీమీటర్ల బ్లేడు 16 దాకా తిరుగుతుంది.

బ్లేడును పక్కలకు ఊగకుండా పట్టే గైడ్లను కొత్తవి కొనక తప్పదని వ్యాపారులు చెబుతారు గానీ, కార్బైడ్ ముక్కలు గాడి పడి ఉంటే తిప్పి పెట్టుకోవచ్చు, డైమండ్ సాన మీద చదును చేయించుకోవచ్చు. బ్లేడుకూ గైడుకూ మధ్య రెండు వైపులా 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చని రేకు) జారేంత సందు చాలు. గైడు ముందు అంచు పళ్ల గుంటలకు కాస్త వెనుకగా నిలవాలి, లేకపోతే మొదటి నిమిషంలోనే పళ్లు అటూ ఇటూ వంగి ఉండే వాలు పోతుంది. వెనుక ఉన్న బేరింగు ఖాళీగా నడిచేటప్పుడు బ్లేడును తాకకూడదు, కోత మొదలై బ్లేడు వెనక్కు ఒరిగినప్పుడే తాకి తిరగాలి. పై గైడును పని మీదికి వీలైనంత దించండి. కోత వంకర పోతోందని వచ్చే ఫిర్యాదులలో సగం ఆ గైడు ఎత్తున ఉండిపోవడం వల్లనే.

ఇప్పుడు మీరు దేనికో తెలియదన్న ఆ పెట్టె దగ్గరకు వద్దాము. అది బ్లేడును అతికే వెల్డర్, మీరు పెట్టిన తూకం ధరకు యంత్రంతో పాటు ఊరికే వచ్చిన నిధి. దాని వల్ల చుట్టగా బ్లేడు కొని, కావలసినంత కోసుకొని, షాపులోనే అతుక్కోవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, ఒక పలక మధ్యలో రంధ్రం వేసి, బ్లేడును అందులో దూర్చి, అక్కడే అతికి, లోపలి ఆకారాన్ని కోసి, మళ్లీ బ్లేడు తెంపి తీయవచ్చు. పాలిష్ యంత్రాల ఫ్లాంజిలలో మీరు ఇప్పుడు వరుసగా డ్రిల్లు రంధ్రాలు వేసి ఉలితో కొట్టి తీస్తున్న ముక్కలు ఒక్క ముక్కగా చేతికి వస్తాయి.

అతికే పద్ధతి ఇది. రెండు కొసలనూ పళ్లు ఎదురెదురు దిక్కుల్లో ఉండేలా పక్కపక్కన పట్టుకొని ఒకేసారి సానపట్టండి. అప్పుడు సాన కొంచెం వాలుగా పట్టినా ఒకదాని వాలు మరొకదానికి సరిపోయి, కలిపినప్పుడు బ్లేడు నిటారుగా వస్తుంది. కొసలకు ఆయిలు తడి లేకుండా తుడిచి, రాగి దవడల మధ్య సందు సరిగ్గా నడుమకు వచ్చేలా బిగించి, మీట నొక్కండి. చిటపటమని నిప్పురవ్వలు లేచి, దవడలు ఒక వెంట్రుక దగ్గరకు జరిగి, కొసలు ఒకదానిలో ఒకటి కూరుకుపోతాయి. ఆ క్షణాన అతుకు గాజులా పెళుసుగా ఉంటుంది, అప్పుడే వంచితే టప్పున విరుగుతుంది. అందుకే దవడలను ఇంకొంచెం ఎడంగా పెట్టి, అనీల్ (పెళుసు తీసే) బొత్తాన్ని ఆగి ఆగి నొక్కుతూ, అతుకు చీకటిలో మాత్రమే కనిపించే మందపు ఎరుపు తిరిగే దాకా వేడిచేసి, తరువాత నొక్కే వ్యవధి తగ్గిస్తూ మెల్లగా చల్లారనివ్వాలి. షాపు తలుపు వేసుకొని చేస్తే ఆ రంగు తెలుస్తుంది, ఎండలో నిలబడి చేస్తే ఎరుపు కనబడే సరికే ఎక్కువ వేడెక్కి ఉంటుంది. చివరగా ఆ చిన్న సానరాయి మీద రెండు వైపులా ఉబ్బును బ్లేడు మందానికి సమంగా తీసి, అతుకును చక్రం వంపుకు వంచి చూడండి.

ఒక హెచ్చరిక. జర్మన్ యంత్రాలలో ఈ వెల్డర్ ట్రాన్స్‌ఫార్మర్ మామూలుగా రెండు ఫేజుల మధ్య 380 వోల్టులకు చుట్టి ఉంటుంది. దానిని ఎట్టి పరిస్థితులలోనూ వీఎఫ్‌డీ బయటి తీగలకు కలపవద్దు, డ్రైవ్ అక్కడికక్కడ పోతుంది. మూడు ఫేజులు వచ్చిన తరువాత దానికి నేరుగా, వేరే స్విచ్‌తో ఇవ్వండి. అంతదాకా బ్లేడులు పొడవు చెప్పి అతికించినవే కొనుక్కోండి.

టేబులు మీద తుప్పును యాంగిల్ గ్రైండర్‌తో తీయించవద్దు. పదును బ్లేడును పడుకోబెట్టి గీకి, కిరసనాయిలు వేసి సన్నని ఎమరీ రాయితో రుద్దితే చాలు, గుంటలు మిగిలినా కోతకు అడ్డం రావు. చిన్న సామాన్లను ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి ఒక చెంచా చొప్పున బట్టల సోడా కలిపి, బ్యాటరీ చార్జర్ మైనస్‌కు సామానును, ప్లస్‌కు పాత ఇనుప రేకును కలిపి ఒక రాత్రి ఉంచవచ్చు. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె మాత్రం పెట్టవద్దు, నీటిలోకి విషమైన క్రోమియం దిగుతుంది. మండే హైడ్రోజన్ వాయువు వస్తుంది గనుక తొట్టి ఆరుబయట ఉండాలి.

రంగు పని అప్పుడు. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పాత పూతను పొడిగా రుద్దించవద్దు, తడి ఎమరీతో తీయించండి. జర్మన్ యంత్రాల మీద తరచుగా కనిపించే ఆ వెలిసిన ఆకుపచ్చను రంగుల కొట్టులో, జర్మన్ రంగుల పట్టికలోని ఆర్‌ఏఎల్ 6011 అంకె చెప్పి కలిపించుకోవచ్చు. రేకును మాత్రం గీకవద్దు. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉన్నది 1949కీ 1990కీ మధ్య తయారైనదని చెప్పే సాక్ష్యం అదే.

యంత్రాన్ని పాలిష్ యంత్రాలకు దూరంగా, వీలైతే గోడ అవతల నిలపండి. బండల పాలిష్ నుంచి లేచే తెల్లటి సన్నపు పొడి గ్రీజులో కలిస్తే బేరింగుకు అది సానపిండే. కొత్త బ్లేడుతో మొదటి కోతలు సగం ఒత్తిడితోనే కోసి పళ్ల మొనలు సర్దుకోనివ్వండి. తరువాత రజను చూడండి. వెండిలా మెరిసే చుట్టలు వస్తుంటే వేగం, ఒత్తిడి సరిపోయినట్లు, పిండిలా రాలితే ఒత్తిడి చాలనట్లు, నీలం తిరిగి వస్తే వేగమో ఒత్తిడో ఎక్కువైనట్లు. మెడలో తువ్వాలుతోనూ, చేతికి గ్లౌజులతోనూ ఈ యంత్రం దగ్గర నిలబడకండి.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నా దగ్గర ఉన్న బ్యాండ్ సాకు వెల్డర్ లేదు. మా ఊరిలో టంకం పెట్టేవారికి కొదువ లేదు గనుక, బ్లేడును కంసాలి చేత వెండి టంకంతో అతికించుకోవచ్చా?

జవాబు: అతికించుకోవచ్చు. బ్యాండ్ సా ఆలోచన పుట్టిన తరువాత కూడా అది చాలాకాలం పనికి రాకుండా ఉన్నది అతుకు నిలవకపోవడం వల్లనే. 1846లో ఫ్రాన్స్‌లో క్రెపాఁ అనే మహిళ అతికే పద్ధతికి పేటెంటు తీసుకున్న తరువాత గానీ దానికి దారి దొరకలేదు. మీ కంసాలి చేతిలో ఉన్న నేర్పే ఇక్కడ కావలసింది.

రెండు కొసలనూ సుమారు 5 మిల్లీమీటర్ల పొడవున ఏటవాలుగా సానపట్టి, ఒకదాని మీద ఒకటి కూర్చుంటే బ్లేడు మందం దాటకుండా చూసుకోవాలి. బ్లేడు వెనుక అంచు నిటారుగా రావడం కోసం రెండు కొసలనూ ఒక ఇనుప పట్టీ అంచుకు ఆనించి బిగించాలి. వాలు మధ్య వెలిగారం పూసి, పల్చని టంకం రేకు ఉంచి, నగల పనికి వాడే సన్నని మంటతోనే, అతుకు వరకే వేడి చేయాలి. మంట పళ్ల వైపు పోతే అక్కడి పదును చచ్చిపోతుంది. ఎక్కువ వేడికి కరిగే టంకం వద్దు, త్వరగా కరిగేదే వాడండి, అయితే కాడ్మియం కలిసిన రకం వద్దు, దాని పొగ ఊపిరితిత్తులకు విషం. టంకం పట్టిన తరువాత అతుకు చుట్టూ ఉక్కు పెళుసుబారి ఉండవచ్చు. కనుక ఒకసారి చల్లారనిచ్చి, తుడిచి మెరుగు పెట్టి, నీలం రంగు తిరిగే దాకా మాత్రం మళ్లీ వేడిచేసి వదలండి. కార్బన్ స్టీలు బ్లేడుకు ఇది చక్కగా నిలుస్తుంది. బైమెటల్ బ్లేడుకు వేరే దారి లేనప్పుడే చేయించండి, దాని స్ప్రింగ్ స్టీలు వీపు ఈ వేడికి మెత్తబడి అతుకు పక్కనే తెగుతుంది.

ప్రశ్న: కర్నూలులో గ్రిల్లులు, గేట్లు చేస్తాను. 3 మిల్లీమీటర్ల మందం ఉన్న యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప పట్టీ) కోస్తుంటే కొత్త బ్లేడు పళ్లు ఒకేసారి పది ఇరవై ఊడిపోతున్నాయి. బ్లేడు నాసిరకమా?

జవాబు: బ్లేడు మీద అంగుళానికి 6 పళ్లు ఉన్నాయని మీ ఉత్తరంలోనే రాశారు, తప్పు అక్కడే ఉంది. అంగుళానికి ఆరంటే పన్నుకూ పన్నుకూ మధ్య 4.2 మిల్లీమీటర్లు, మీ ఇనుము మందం మూడే. ఇనుము అంచు పంటి సందులో పడి, వెనుక వచ్చే పన్ను దానికి నిలువునా తగిలి విరుగుతోంది. ఎప్పుడూ కనీసం మూడు పళ్లు లోహంలో ఉండాలి. యాంగిల్‌ను కొన పైకి వచ్చేలా, ఇంటి కప్పులా టేబులు మీద బోర్లించి పెడితే బ్లేడుకు ఆ మూడు మిల్లీమీటర్లే వాలుగా 4.2గా తగులుతాయి, అప్పుడు అంగుళానికి 18 పళ్ల బ్లేడు సరిగ్గా సరిపోతుంది. పళ్లు ఊడిన బ్లేడును తీసి కొత్తది వేసినప్పుడు పాత కోతలోనే కొనసాగించవద్దు. విరిగిన పళ్ల ముక్కలు ఆ గాడిలోనే ఉంటాయి, అవి కొత్త పళ్లనూ తీసుకుపోతాయి. ముక్కను తిప్పి అవతలి వైపు నుంచి కొత్త కోత మొదలుపెట్టండి.